కనుమ మరునాటి పరుగుకు ముందు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

కనుమ మరునాడు తెల్లవారుజామున మన పట్నంలో జరిగే పది కిలోమీటర్ల పరుగుకు నువ్వు పేరు నమోదు చేసుకున్నావని మీ బాపు నిన్న చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నలభై ఆరేళ్ల వయసులో, షుగరు పరీక్ష చూసి డాక్టరు గట్టిగా చెప్పిన తర్వాత, నేను ఎన్జీ కళాశాల మైదానంలో పరుగు మొదలుపెట్టాను. అప్పటి నుండి నేర్చుకున్నదాంట్లో నీకు పనికివచ్చేదంతా ఈ ఉత్తరంలో రాస్తున్నాను. ఇంకా ఆరు వారాల సమయం ఉంది కనుక తొందరపడకుండా చదువు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఆ రోజు మొదటి రెండు కిలోమీటర్లు నువ్వు పరుగెత్తగలిగినదాని కంటే నెమ్మదిగా పరుగెత్తాలి. చదవడానికి ఇది చాలా తేలికగా కనిపిస్తుంది గానీ, పండుగకు ఊరికి వచ్చిన నీ తోటి పిల్లలు, క్లాక్ టవర్ దగ్గర మైకులు, డప్పులు, చలికి బిగుసుకుపోయి ఎప్పుడెప్పుడు కదులుదామా అని చూసే కాళ్లు, ఇవన్నీ కలిసి మనిషిని ముందుకు నెట్టేస్తాయి. నా మొదటి పోటీలో నేను అలాగే కొట్టుకుపోయి, మొదటి కిలోమీటరును నా మామూలు వేగం కంటే ఒక నిమిషం తక్కువలో ముగించి, అది నా బలమే అనుకున్నాను. ఏడో కిలోమీటరులో కుడి డొక్కలో పోటు మొదలై, తర్వాత ఒక కిలోమీటరు దాకా నడవవలసి వచ్చింది. మొదట్లో మిగిలిందనుకున్న ఆ ఒక్క నిమిషానికి చివర్లో నేను ఆరు నిమిషాలు చెల్లించాను.

నీకు డెబ్బై నిమిషాల లక్ష్యం సరిపోతుందని నా అంచనా. మొదటి రెండు కిలోమీటర్లు ఒక్కొక్కటి 7 నిమిషాల 15 సెకన్లకు, తర్వాతి ఆరు కిలోమీటర్లు ఒక్కొక్కటి సరిగ్గా 7 నిమిషాలకు, చివరి రెండు 6 నిమిషాల 45 సెకన్లకు పరుగెత్తితే మొత్తం 70 నిమిషాలకు సరిగ్గా వస్తుంది. ఈ అంకెలను ఒక చిన్న కాగితం మీద రాసుకొని అద్దం దగ్గర అతికించుకో. మొదటి కిలోమీటరులో పదిమంది, ఇరవైమంది నిన్ను దాటిపోతారు. పోనియ్యి. వాళ్లలో చాలామంది ఎనిమిదో కిలోమీటరు దగ్గర నీకు మళ్లీ కనబడతారు.

ఈ ఆరు వారాలు వారానికి నాలుగు రోజులు పరుగెత్తితే చాలు. మూడు రోజులు నాలుగైదు కిలోమీటర్లు, ఆదివారం కొంచెం ఎక్కువ దూరం. ఆదివారం దూరాన్ని ఏడుతో మొదలుపెట్టి, వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ పదకొండు దాకా తీసుకువెళ్లు. ఆ ఆదివారం పరుగులో పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైందని అర్థం. మధ్యలో ఒక రోజు మాత్రం రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, ఆరు విడతలు చెయ్యి. చివరి పది రోజుల్లో దూరం సగానికి తగ్గించు. ఆ రోజుల్లో ఎక్కువ పరుగెత్తితే కొత్త బలం రాదు, అలసట మాత్రమే మిగులుతుంది.

నొప్పుల గురించి నేను కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే నొప్పిని పళ్ల బిగువున భరించడమే గొప్ప అనే అలవాటు మన ఇంట్లో ఉంది. మీ తాత మర్రిగూడ దిక్కు ఊళ్లో బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి, చివరి పదేళ్లు నేల మీద కూర్చోలేక, మెడ తిప్పలేక, నడుము వంగిపోయి గడిపినా ఒక్కనాడు అబ్బా అనలేదు. ఆయన ఓర్పుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను గానీ, పరుగులో ఆ ఓర్పు పనికిరాదు. పిక్కలు, తొడలు రెండు వైపులా సమానంగా పట్టేసినట్టు ఉండి, రెండు రోజుల్లో పోతే అది కండరాలు బలపడే నొప్పి, దానికి భయపడకు. వేలితో చూపించగలిగినట్టు ఎముక మీద ఒకేచోట నొప్పి ఉండి, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే మాత్రం ఆ రోజే ఆపి, డాక్టరుకు చూపించు. జ్వరం ఉంటే ఆ పరుగును మరిచిపో. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా దారి పక్కకు తప్పుకొని మనిషిని పిలువు. పోటీ వచ్చే ఏడాది కూడా ఉంటుంది, బిడ్డా.

పండుగ సెలవుల పరుగులో మిగతా పోటీల్లో లేని చిక్కు ఒకటుంది, అది ఇల్లు. పెద్దమ్మ సకినాలు, అరిసెలు చేసి డబ్బాలకు ఎత్తి ఉంచుతుంది, కనుమ నాడు మాంసం వండుతారు, వద్దంటే బాధపడతారు. నూనెలో వేగినది, కొవ్వు ఎక్కువున్నది కడుపులో చాలాసేపు ఉంటుంది కనుక, కనుమ నాడు మాంసం మధ్యాహ్నమే కొద్దిగా తిను. రాత్రి ఎనిమిదిలోపు అన్నం, పప్పు, కొంచెం పెరుగుతో ముగించు. జొన్నరొట్టె మామూలు రోజుల్లో ఎంతో మంచిదే గానీ, దానిలో పీచు ఎక్కువ కాబట్టి ఆ రాత్రికి వద్దు. తెల్లవారి నాలుగున్నరకు లేచి రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని, ఒక గ్లాసు నీళ్లు తాగు. కనుమ నాడు కాకి కూడా కదలదని మన పెద్దలు అనే మాట ఈసారి నీకు బాగా అక్కరకు వస్తుంది. చుట్టాలు ఎక్కడికి పిలిచినా ఆ సామెత చెప్పి, ఇంట్లోనే కాళ్లు చాపుకొని కూర్చో.

హైదరాబాదు నుండి భోగికి రెండు రోజుల ముందే బయలుదేరు. పండుగ ముందు విజయవాడ రహదారి మీద పంతంగి టోల్ గేటు దగ్గర బండ్లు ఎలా నిలిచిపోతాయో నీకు తెలుసు. బస్సులో గంటల తరబడి మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న కాళ్లు సర్దుకోవడానికి ఒక రోజు పడుతుంది.

కొత్త బూట్లు కొనుక్కోవాలంటే ఇప్పుడే కొని, కనీసం నాలుగు వారాలు వాటితోనే పరుగెత్తు. పండుగకు కొన్న కొత్త బట్టలు ఆ పొద్దున వేసుకోవద్దు. ఒరుసుకునే చోట్ల వాజలిన్ రాసుకో. నంబరు కాగితాన్ని రాత్రే నాలుగు పిన్నీసులతో ముందువైపు గుచ్చి పెట్టుకో. ఆడపిల్లలకు సంబంధించిన మిగతా జాగ్రత్తలు పెద్దమ్మ నీతో ఫోనులో మాట్లాడుతానంది.

దారి గురించి చెబుతాను. క్లాక్ టవర్ నుండి పానగల్లు దాకా వెళ్లి తిరిగి రావాలి. జనవరి నడుమ సూర్యుడు ఆరూ ముప్పావుకు గాని రాడు కనుక మొదటి కిలోమీటర్లు మసక చీకట్లోనే సాగుతాయి; లేత రంగు బట్టలు వేసుకో. వాకిళ్ల ముందు కొత్తగా చల్లిన కళ్లాపి జారుతుంది, అలాంటి చోట అడుగులు చిన్నవిగా వెయ్యి, ముగ్గులను తొక్కకుండా పక్క నుండి వెళ్లు. మూడు రోజులు ఎగరేసిన పతంగుల దారాలు కరెంటు తీగల మీద నుండి, చెట్ల మీద నుండి వేలాడుతుంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా అది ఇంకా దొరుకుతూనే ఉంది, మెడకు తగిలితే కోస్తుంది. కాబట్టి చూపు నేల మీదే కాక ముందుకు, కొంచెం పైకి కూడా ఉండాలి.

ఉదయ సముద్రం చెరువు దగ్గరికి వచ్చేసరికి నీటి మీది చల్లగాలి ఎదురుగా కొడితే, నీ వేగంతోనే పోయే మనిషి వెనక ఒకటి రెండు అడుగుల దూరంలో ఉండు. మలుపులు వచ్చినచోట లోపలి అంచుకు దగ్గరగా పో. సరిగ్గా కొలిచిన పోటీల్లో దారిని అతి దగ్గరి గీత మీదే, అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంగా కొలుస్తారు. వెడల్పుగా తిరిగితే నువ్వు పది కిలోమీటర్ల కంటే ఎక్కువే పరుగెత్తుతావు. నీళ్లు ఇచ్చే చోట రెండు గుక్కలు చాలు. చల్లని పొద్దున గంటా పది నిమిషాల పరుగుకు గ్లూకోజు పొడులు అక్కరలేదు, కడుపు నిండా నీళ్లు అసలే వద్దు.

గీత దాటగానే ఆగి నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి, కనుక పది నిమిషాలు నడిచి, తడి బనియను మార్చుకో. ఆ తర్వాత సకినాలైనా, అరిసెలైనా నీ ఇష్టం.

తిరిగి వచ్చే దారిలో ఎనిమిదో కిలోమీటరు గుర్తు దగ్గర నేను ఎడమ పక్కన ఎర్ర మఫ్లరుతో నిలబడి ఉంటాను. నన్ను చూసి ఆగకు. గడియారంలో 56 నిమిషాల 30 సెకన్లకు అటూ ఇటూగా ఉంటే కుడి చెయ్యి పైకెత్తు, నేను క్లాక్ టవర్ దగ్గరికి అడ్డదారిన స్కూటరు మీద వచ్చేస్తాను.

ఇట్లు,
నీ పెద్దనాయన