ఆరంగుళాల బోర్డు మీద మనవరాలు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత అక్రిలిక్ రంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. మా మనవరాలు పెరుగన్నం తింటూ, చెప్పుల బెల్టు పెట్టుకుంటూ, వాళ్ళమ్మ చేత జడ వేయించుకుంటూ ఉండగా ఫోనులో తీసిన ఫోటోలను చూసి ఆరు ఎనిమిది అంగుళాల బోర్డుల మీద వేస్తున్నాను. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నా అయిదేళ్ళ పిల్ల పాతికేళ్ళ అమ్మాయిలా తయారవుతోంది. లోపం ఎక్కడ ఉందంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు ఉత్తరంతో పాటు పంపిన మూడు బొమ్మలనూ చూశాను. కొలతలు సరిగ్గానే ఉన్నాయి గాని, అవి పెద్దవాళ్ళ కొలతలు. తల ఎత్తుకు సరిగ్గా సగంలో కళ్ళు పెట్టాలని మనందరం మొదట నేర్చుకుంటాం. ఎదిగిన మనిషికి అది చెల్లుతుంది, అయిదేళ్ళ పిల్లకు చెల్లదు. పిల్లల్లో నుదురూ నడినెత్తీ ఎక్కువ చోటు తీసుకుంటాయి కనుక కళ్ళ వరుస సగానికి కొంచెం కిందికి దిగుతుంది. పసిపాపల్లో ఇంకా దిగుతుంది. ముక్కు దూలం అంతగా లేచి ఉండదు, గడ్డం చిన్నది, మెడ సన్నం. నల్లగుడ్డు మాత్రం రెండు మూడేళ్ళ వయసుకే దాదాపు పెద్దవాళ్ళంత అవుతుంది, ముఖం ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్ళు పెరుగుతూనే ఉంటుంది. పిల్లల కళ్ళు మనకు అంత పెద్దవిగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. మీ మూడో బొమ్మలో కళ్ళను ఒక్క నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) కిందికి దించి వేసి చూడండి. అక్రిలిక్ ఆరిపోయాక దాని మీద మళ్ళీ వేసుకోవచ్చు కనుక పాత బోర్డు పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

రెండో లోపం గీతలది. ముక్కు పక్క నుంచి నోటి మూల దాకా దిగే మడతనూ, కంటి కింది ముడతనూ మీరు ముదురు గోధుమరంగు గీతలుగా గీశారు. పిల్లల ముఖంలో అవి గీతలు కావు, బుగ్గ వంపు తిరిగే చోట పడే పలుచని నీడలు మాత్రమే. అక్కడ ఒక్క గీత ముదిరితే పదేళ్ళ వయసు మీద పడుతుంది. నేనూ ఒకప్పుడు ఇదే చేశాను. ఇడ్లీ తింటున్న మేనల్లుడి బొమ్మను సున్నా నంబరు కుంచెతో, రెప్ప వెంట్రుకలు కూడా వదలకుండా వేసి, ఎంతో గర్వంగా తీసుకువెళ్ళి చూపిస్తే, మా అక్క కాసేపు చూసి, "వీడికిక సంబంధాలు చూడొచ్చురా" అంది.

చిన్న బోర్డుకు ఉన్న కష్టమూ సుఖమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. తల రెండంగుళాలు ఉంటే నల్లగుడ్డు సుమారు మూడు మిల్లీమీటర్లు, అంటే ఆవగింజకు కాస్త పెద్దది. పై రెప్ప నీడకు ఒక ముదురు మచ్చ, నల్లగుడ్డుకు ఒక మచ్చ, అందులో కిటికీ వెలుగుకు ఒక చుక్క వేస్తే కన్ను అయిపోవాలి. తెల్లగుడ్డుకు నేరుగా తెల్లరంగు పూయకండి. రెప్ప నీడ పడే చోట అది బూడిదరంగులోనే ఉంటుంది. అసలు మొదటి అరగంట కళ్ళ జోలికి పోకుండా, ఆరో నంబరు చదును కుంచెతో జుట్టు, ముఖంలో వెలుగు పడిన భాగం, నీడ పడిన భాగం, గౌను అనే నాలుగు ముక్కలుగా బొమ్మను నిలబెట్టి, ఆరడుగుల దూరం నుంచి కళ్ళు చికిలించి చూడండి. ఆ దశలోనే మీ మనవరాలని గుర్తుపట్టగలిగితే మిగిలిన పని తేలిక; గుర్తుపట్టలేకపోతే కనురెప్పలు ఎంత బాగా వేసినా పోలిక రాదు.

ఫోటోల గురించి కూడా ఒక మాట. చెయ్యి చాపినంత దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కు పోతాయి. కొంచెం దూరంగా, పిల్ల ఎత్తుకు దిగి కూర్చుని, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో తీసి, తరువాత కావలసినంత మేరకు కత్తిరించుకోండి.

మీ మూడింటిలో జడ బొమ్మ మేలైనది. దువ్వెన లాగుడుకు తల వెనక్కి వాలి, ఒక కన్ను సగం మూసుకుపోయి, రెండు చేతులూ రిబ్బను కొసను పట్టుకుని ఉన్నాయి. ముఖం చూడకపోయినా ఆ మెడ వంపు చాలు. పారిస్‌లో స్థిరపడిన అమెరికన్ చిత్రకారిణి మేరీ కస్సాట్ 1893లో వేసిన 'ది చైల్డ్స్ బాత్' అనే తైలవర్ణ చిత్రం ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అందులో పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక స్త్రీ కాళ్ళు కడుగుతూ ఉంటుంది, ఇద్దరి చూపూ నీళ్ళ గిన్నెలోనే ఉంటుంది. అది మూడడుగులు దాటిన పెద్ద చిత్రమే అయినా, కెమెరా వైపు చూసి నవ్వే పిల్ల కంటే తన పనిలో మునిగిపోయిన పిల్లే బొమ్మకు మంచి సరుకు అని చూపడానికి అంతకు మించిన ఉదాహరణ నాకు తోచదు.

ప్రశ్న: చామనఛాయ చర్మం ఎంత జాగ్రత్తగా కలిపినా సున్నం కొట్టినట్టు వస్తోంది. పైగా బుగ్గ మీద రంగులు కలిసేలోపే ఆరిపోతున్నాయి. అక్రిలిక్ వదిలేసి తైలవర్ణాలకు మారమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మారనక్కర్లేదు, ముందు తలమీది ఫ్యాను ఆపండి. పలుచగా వేసిన అక్రిలిక్ మామూలుగానే పది, ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. మన ఎండాకాలంలో ఫ్యాను కింద అయితే కుంచె తీసేలోపే బిగుసుకుంటుంది. మూత ఉన్న వెడల్పాటి స్టీలు డబ్బాలో తడిపిన నూలు గుడ్డను మడతపెట్టి, దాని మీద బటర్ పేపరు పరిచి, రంగులు ఆ కాగితం మీద కలుపుకోండి. మూత పెడితే మర్నాటికి కూడా మెత్తగానే ఉంటాయి. బుగ్గ లాంటి చోట్ల తడిగా కలపాలని పంతం పట్టకుండా, ఆరిన పొర మీద నీళ్ళలాంటి పలుచని పొరలు నాలుగయిదు వేస్తే అంచులు వాటంతట అవే మెత్తబడతాయి.

సున్నపు రంగు తెలుపు వల్ల వస్తోంది. టైటానియం వైట్ రంగును లేతపరచడమే కాదు, చల్లబరుస్తుంది కూడా, అంటే అందులోని ఎరుపు, పసుపుల వెచ్చదనాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఎర్రటి గోధుమరంగు బర్న్ట్ సియెన్నాను లేతపరచడానికి మొదట మట్టి పసుపైన ఎల్లో ఆకర్ వాడి, తెలుపును చివర నుదుటి మీద, ముక్కు కొన మీద పడే వెలుగుకు దాచుకోండి. నీడకు నలుపు వద్దు. ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌లో కొంచెం అల్ట్రామెరైన్ నీలం చాలు. చెవుల వెనుక నుంచి ఎండ పడితే అవి ఎర్రగా వెలుగుతాయి, అక్కడ మాత్రం ఎరుపుకు వెనుకాడకండి. ఇంకొకటి, తడిగా ఉన్నప్పుడు అక్రిలిక్‌లోని జిగురు పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకం అవుతుంది కనుక ప్రతి రంగూ ఆరాక కొంచెం ముదురుతుంది. కలిపిన రంగును ఒక అట్టముక్క మీద పూసి ఆరనిచ్చి చూసుకున్నాకే బోర్డు మీద పెట్టండి.

ప్రశ్న: పక్కింటి పిల్లవాడు తాటిముంజలు తింటున్న బొమ్మ వేశాను. పుట్టినరోజుకు ఇద్దామనుకుంటున్నాను. అద్దం వేయించాలా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఇవ్వడానికి ఇబ్బంది లేదు గాని, దాన్ని ఎక్కడైనా ప్రదర్శించే ముందు ఆ పిల్లవాడి తల్లిదండ్రులను అడగండి, వాడినీ అడిగితే ఇంకా మంచిది, ముంజలు తినేటప్పటి ముఖం నలుగురూ చూడడం వాడికి ఇష్టం లేకపోవచ్చు. అద్దం తప్పనిసరి కాదు, రంగు బాగా ఆరాక వార్నిషు ఒక పూత పూస్తే సరిపోతుంది. వేయిస్తే మాత్రం అద్దానికీ బొమ్మకూ మధ్య అట్ట చట్రం పెట్టించి ఎడం ఉండేలా చూడండి. వేడికి అక్రిలిక్ పొర మెత్తబడుతుంది. అద్దానికి ఆనితే అంటుకుంటుంది, తీయబోతే బుగ్గ ఊడి అద్దంతో వస్తుంది.