చెంపలో రక్తనాళాల గడ్డ ఉంటే పన్ను తీయించవచ్చా?

మీ తమ్ముడికి చిన్నప్పటి నుంచి చెంప లోపల నీలం గడ్డ ఉందని, ఇప్పుడు దాని పక్క దవడ పన్ను పుచ్చిందని, పీకిస్తే రక్తం ఆగదేమోనని భయంగా ఉందని రాశారు. తీయించవచ్చండీ. కానీ ఆ గడ్డ ఎంత లోతుకు వెళ్లిందో తేలకుండా ఎవరినీ పన్ను మీద చెయ్యి వేయనివ్వకండి.

మా అమ్మకీ ఇలాంటిదే ఉంది. పైకి శనగగింజంతే. డాక్టరుగారు గాజు పలకతో నొక్కితే నీలం పోయి పాలిపోయింది, తీయగానే మళ్లీ నిండింది. తల వంచమంటే ఇంకాస్త ఉబ్బింది. సిరల గడ్డలా ఉందన్నారు. ఎమ్మారైలో కండరం దాకా పాకిందని, ఎముకలో మాత్రం లేదని తెలిసింది. అసలు తేల్చుకోవాల్సింది ఇదే. దవడ ఎముకలోనే ఉంటే పన్ను తీసిన గుంటలోంచి వచ్చే రక్తాన్ని ఆపడం చాలా కష్టం, ప్రాణం మీదికి రావచ్చు. పన్ను ఊరికే కదులుతున్నా, చిగురు చుట్టూ రక్తం కారుతున్నా, దవడలో నాడి కొట్టుకుంటున్నట్టున్నా డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటప్పుడు ఎంబొలైజేషన్ చేసి, అంటే గడ్డకు రక్తం తెచ్చే నాళాన్ని ముందు మూసేసి, ఆ తర్వాతే పన్ను తీస్తారు.

రూట్ కెనాల్‌తో పన్ను నిలబడితే అదే మేలు. అమ్మకి వేరు చీలిపోవడంతో తీయక తప్పలేదు. మత్తు సూది గడ్డలోకి దిగకుండా పంటి వేరు పక్కనే ఇచ్చారు. గుంటలో రక్తం ఆపే స్పాంజి పెట్టి, కుట్లు వేసి, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందులో తడిపిన గాజ్ గుడ్డ కొరికి పట్టుకోమన్నారు. ఆ రాత్రి అక్కడే ఉంచారు. లాలాజలంలో ఎరుపు కనబడగానే నాకు టెన్షన్ పట్టుకుంది. నర్సు వచ్చి చూసి, అది మామూలేనని, ఉమ్మకుండా మింగేయమని అన్నారు. ఉమ్మినా, పుక్కిలించినా గుంటలో కట్టిన రక్తం ఊడిపోతుందట. నొప్పికి పారాసిటమాలే వాడాం. ఆస్పిరిన్, బ్రూఫెన్ మాత్రం మీ అంతట మీరు వేయకండి.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నామన్నారు కదా, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఓరల్ సర్జరీ విభాగానికి ముందు చూపించండి. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి ఉంది. ఎక్కడ చేయించినా బ్లడ్ బ్యాంకు, రేడియాలజిస్టు అందుబాటులో ఉండాలి. పాత స్కానింగులు ఏమైనా ఉంటే రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. పుచ్చును అలాగే వదిలేయకండి, చీము పడితే పని ఇంకా కష్టమవుతుంది.