వేవిళ్లు ఉన్నట్టుండి తగ్గిపోయాయి.. బిడ్డ క్షేమమేనా?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. ఇది తొలి గర్భం. మొన్నటితో 12 వారాలు నిండాయి. ఇన్నాళ్లూ మంచినీళ్లు తాగినా వాంతి అయ్యేది. వారం రోజులుగా ఉన్నట్టుండి తగ్గిపోయింది. రొమ్ముల్లో సలుపు కూడా లేదు. రక్తస్రావం, కడుపునొప్పి లేవు గానీ పొట్ట ఇంకా పైకి కనిపించడం లేదు. ఏడో వారంలో చేసిన స్కాన్‌లో గుండె చప్పుడు బాగానే ఉందన్నారు. తర్వాతి స్కాన్‌కు ఇంకా పది రోజులుంది. బిడ్డ ఎదుగుదల ఆగిపోయిందేమోనని భయంగా ఉంది. ఈ సమయంలో ఎలాంటి మార్పులు ఉంటాయి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, తొలి మూడు నెలలు ముగిసే సమయంలో చాలామందిలో కనిపించే మార్పులే మీలోనూ మొదలైనట్లు తోస్తోంది. గర్భం నిలిచాక హెచ్‌సీజీ అనే హార్మోన్ వేగంగా పెరుగుతూ, 8 నుంచి 11 వారాల మధ్య గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుంది. వేవిళ్లు ఎక్కువగా బాధించేదీ దాదాపు ఆ రోజుల్లోనే. మొదట్లో అండాశయం అందించిన, గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను ఈపాటికి మాయ సొంతంగా తయారుచేస్తుంటుంది. అందుకే 12 నుంచి 14 వారాలు వచ్చేసరికి వాంతులు, నీరసం, రొమ్ముల సలుపు చాలామందిలో తగ్గుముఖం పడతాయి. కొందరికి నెమ్మదిగా తగ్గితే, మరికొందరికి మీలాగే కొద్ది రోజుల్లోనే తగ్గిపోతాయి.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. అరుదుగా కొందరిలో రక్తస్రావం గానీ నొప్పి గానీ లేకుండానే పిండం ఎదుగుదల ఆగిపోతుంది. ఏడో వారంలో గుండె చప్పుడు బాగుందన్నారు కాబట్టి మీ విషయంలో ఆ అవకాశం తక్కువే. కానీ వాంతులు ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్లూ కాదు, తగ్గినంత మాత్రాన ఏదో జరిగిపోయినట్లూ కాదు. దాన్ని తేల్చేది స్కానింగ్ ఒక్కటే.

ఇక్కడే మీకు నా ముఖ్యమైన సలహా. ఈ దశలో చేసే ఎన్‌టీ స్కాన్‌ను 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. తల నుంచి పిరుదుల వరకు బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే, మెడ వెనుక చర్మం కింద ఉండే నీటి పొర మందాన్ని సరిగా కొలవగలుగుతారు. మీరు పది రోజులు ఆగితే ఆ గడువు చివరికి వచ్చేస్తారు. ఆ రోజు బిడ్డ అనువైన భంగిమలో లేకపోతే మిమ్మల్ని కాసేపు అటూ ఇటూ నడిచి రమ్మంటారు, అప్పటికీ తిరగకపోతే మరో రోజు రమ్మంటారు. ఆ మరో రోజుకు గడువు మిగలకపోవచ్చు. కాబట్టి మీ డాక్టర్‌తో మాట్లాడి స్కాన్‌ను ఒకట్రెండు రోజుల్లోనే చేయించుకోండి. మీ భయమూ అక్కడే తీరుతుంది. దీంతోపాటు డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష కూడా రాస్తారు. ఈ రెండూ డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ లోపాలకు అవకాశం ఎంత ఉందో అంచనా వేసేవే తప్ప, జబ్బును నిర్ధారించేవి కావు. ఫలితంలో 'హై రిస్క్' అని వచ్చినా కంగారుపడి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, తర్వాతి పరీక్షల గురించి డాక్టర్‌తో చర్చించాలి.

చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి వారాలు లెక్కపెడతారు కాబట్టి, బిడ్డ అసలు వయసు మీ లెక్క కంటే దాదాపు రెండు వారాలు తక్కువే. ఇప్పుడు బిడ్డ పొడవు సుమారు ఐదున్నర సెంటీమీటర్లు. చేతివేళ్లు, కాలివేళ్లు విడివడి ఉంటాయి. స్కాన్ తెరపై చేతులూ కాళ్లూ ఆడించడం మీరే చూడవచ్చు. కానీ ఆ కదలికలు మీకు తెలియడానికి, తొలి కాన్పు కాబట్టి, 18 నుంచి 20 వారాలు పడుతుంది. పొట్ట గురించి దిగులు వద్దు. గర్భసంచి ఇంతవరకు కటి ఎముకల మధ్యనే ఉండి, ఇప్పుడిప్పుడే పొత్తికడుపులోకి వస్తుంది. బయటికి తెలియడానికి మరికొన్ని వారాలు పట్టడం మామూలే.

గర్భసంచి పైకి జరిగే కొద్దీ మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం కొంత తగ్గుతుంది. మలబద్ధకం, గుండెల్లో మంట మాత్రం కొనసాగవచ్చు. దగ్గినప్పుడో, పక్కకు తిరిగినప్పుడో గజ్జల దగ్గర చురుక్కుమనడం గర్భసంచిని పట్టి ఉంచే కండరబంధాలు సాగడం వల్లే. వాంతులతో ఒకటి రెండు కిలోలు తగ్గి ఉన్నా, ఆకలి పుంజుకున్నాక ఆ బరువు తిరిగి వస్తుంది.

ఫోలిక్ యాసిడ్ మాత్రలను డాక్టర్ చెప్పేదాకా మానవద్దు. సాధారణంగా ఐరన్, కాల్షియం మాత్రలను ఈ సమయంలోనే మొదలుపెడతారు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి రెండింటినీ ఒకేసారి వేసుకోకూడదు. ఐరన్ వల్ల మలం నల్లగా వస్తుంది, దానికి భయపడనక్కర్లేదు. అధిక రక్తపోటు, మధుమేహం, కిడ్నీ జబ్బుల్లో ఏదైనా మీకుంటే స్కాన్ రోజే డాక్టర్‌కు చెప్పండి. అలాంటి వారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అన్నది 12 నుంచి 16 వారాల మధ్యే నిర్ణయిస్తారు. సొంతంగా మాత్రం వేసుకోవద్దు.

రక్తస్రావం, తగ్గకుండా మెలిపెట్టే కడుపునొప్పి, చలితో జ్వరం, మూత్రంలో మంట, యోని నుంచి నీరులా కారడం, లేదా చుక్క నీళ్లు కూడా నిలవనంతగా మళ్లీ వాంతులు మొదలవడం.. వీటిలో ఏది కనిపించినా స్కాన్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.