బీపీ మిషన్ కట్టే ముందు

తార్నాక, హైదరాబాద్

బిడ్డా,

మీ ఆఫీసు పిల్లలంతా కలిసి మాల్ అనే ఊరికి అవతల ఒక పల్లెలో ఆరోగ్యం పని మొదలుపెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమనిపించింది. వచ్చే నెలలో మెగా హెల్త్ క్యాంపు పెడతారట కదా. ఊళ్లల్లో నర్సమ్మగా, తర్వాత సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. ఈ ఉత్తరం మీ వాళ్లందరికీ చూపించు.

క్యాంపు పెట్టండి, కానీ క్యాంపుతో మొదలుపెట్టకండి. షామియానా వేసి, వచ్చినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూసి, చీటీ మీద అంకె రాసిచ్చి సాయంత్రం బండెక్కితే ఆ అంకెను ఏం చేసుకోవాలో ఊళ్లో ఎవరికీ తెలియదు. "నీకు షుగరుంది" అని చెప్పి వచ్చేస్తే ఆ మనిషికి మిగిలేది టెన్షనే. ఏ పరీక్షైనా సరే, ఎక్కువొస్తే ఎక్కడికి పోవాలి, మందు ఎవరిస్తారు, నెల తర్వాత మళ్లీ ఎవరు చూస్తారు, ఈ మూడూ తేల్చుకున్నాకే చేయండి. తేలకపోతే ఆ పరీక్ష మానేయండి. నేను చెప్పేవాటిలో ఇదొక్కటి పట్టుకున్నా నాకు చాలు.

ఆ మూడూ తేలాలంటే ముందు ఆశమ్మను, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తను, కలవాలి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పటి నుంచి సుమారు వెయ్యి మందికి ఒక ఆశ ఉండాలనేది లెక్క. ఎవరికి నెలలు నిండుతున్నాయి, ఎవరింట్లో టీబీ మందులు నడుస్తున్నాయి, ఏ ముసలాయన ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు, అన్నీ ఆమె నోటి మీద ఉంటాయి. ఆమెను పక్కనపెట్టి మీరే ఇంటింటికీ తిరిగితే "పట్నపోళ్లే వచ్చి చూస్తున్నరు, ఇగ నువ్వెందుకు" అనే మాట ఆమె పడాల్సి వస్తుంది. పైగా ఆమె చేతికొచ్చే డబ్బులో చాలా భాగం చేసిన పనిని బట్టే. కాబట్టి మీరు ఆమె వెనక నడవండి, పేరు ఆమెకే రానివ్వండి. సబ్‌సెంటర్‌లో ఉండే నర్సమ్మ ఏఎన్ఎంతో, అంగన్‌వాడీ టీచర్‌తో కూర్చుని వాళ్లకు ఏ పనిలో చేయి తక్కువవుతోందో అడగండి. సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి ఒక మాట చెప్పి ఉంచండి, అంతే.

ఊళ్లో ఆర్ఎంపీ, అంటే డాక్టర్ చదువు లేకుండా వైద్యం చేసేవాడు, కూడా ఉంటాడు. అతనితో గొడవ పెట్టుకోకండి. అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది అతనే, ఊరు ఆ సంగతి మరిచిపోదు. అలాగని ప్రతి నొప్పికీ సూది, ప్రతి నీరసానికీ గ్లూకోజ్ బాటిల్ అంటే మాత్రం మీరు తలూపొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, ఛాతీలో నొప్పి, గర్భిణికి కాళ్లవాపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపమని గౌరవంగా అడగండి. గౌరవంగా అడిగితే చాలామంది వింటారు, నేను చూశాను.

ఇక వేళ. మీకు ఆదివారం సెలవు గానీ పత్తి చేనుకు సెలవు లేదు. తీత రోజుల్లో పొద్దున్నే ఆటోల్లో ఆడవాళ్లంతా చేలకు వెళ్లిపోతారు. మీరు ఎల్బీనగర్‌లో టిఫిన్ చేసి పదకొండింటికి ఊళ్లో దిగితే ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ కనబడరు. శనివారం సాయంత్రమే వెళ్లి రాత్రికి అక్కడే ఉండండి. మహిళా సంఘం మీటింగు ఎప్పుడో కనుక్కుని, లెక్కలు అయిపోయాక ఒక పావుగంట అడగండి. మైకు పెట్టి గంటసేపు చెప్పినదానికన్నా ఆ పావుగంట ఎక్కువ పనిచేస్తుంది.

బీపీ చూడటం తేలికనుకుంటారు. అప్పుడే చేను నుంచి వచ్చిన అవ్వను కూర్చోబెట్టి, బిగుతు జాకెట్ చెయ్యి మీదే పట్టీ చుట్టి, "చాయ్ తాగినవా అవ్వా" అని మాట్లాడుతూ బటన్ నొక్కితే మిషన్ ఏదో ఒకటి చూపిస్తుంది. అది ఆమె బీపీ కాదు. చాయ్, బీడీ, తంబాకు అయిన అరగంట వరకు ఆగండి. ఒంటేలుకు వెళ్లి రమ్మనండి. వీపుకు ఆనింపు ఉన్న కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, పట్టీ ఒంటి మీదే చుట్టాలి, అప్పుడు ఎవరూ మాట్లాడొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూడండి. 140/90 దాటితే ఇంకో రోజు మళ్లీ చూడాలి. ఒక్కసారి చూసి ఎవరికీ బీపీ ముద్ర వేయకండి. 180/120 దాటి, తలనొప్పి, ఆయాసం, చూపు మసక లాంటివి ఉంటే మాత్రం ఆగేది లేదు, 108కి ఫోన్ చేయండి.

కొత్త రోగులను వెతకడం కన్నా పాత రోగుల మందులు చూడటంలోనే మీకు ఎక్కువ పని దొరుకుతుంది. ఇంటికి వెళ్లినప్పుడు "మందులు వేసుకుంటున్నావా" అని అడగకు, అందరూ "ఆఁ" అంటారు. "మందుల కవర్ చూపియ్యి అవ్వా" అను. గోడ మేకుకు తగిలించిన ప్లాస్టిక్ కవర్ తీస్తుంది. అందులో సబ్‌సెంటర్ మాత్రలు, ఆర్ఎంపీ ఇచ్చినవి, కొడుకు పట్నంలో చూపించినప్పుడు రాసినవి కలిసి ఉంటాయి. ఒకే మందు రెండు పేర్లతో ఉండొచ్చు, రెండూ వేసుకుంటూ ఉండొచ్చు. నెలకిచ్చిన షీట్‌లో సగం మిగిలిందంటే తల తిరిగిన రోజే మింగుతోందన్నమాట. కోప్పడకు. తల తిరగకపోయినా బీపీ ఉంటుందని, రోజూ వేసుకుంటేనే పక్షవాతం రాకుండా కాచుకోవచ్చని నిదానంగా చెప్పు. నీ అంతట నువ్వు ఏ మాత్రా ఆపొద్దు, మార్చొద్దు. కవర్ ఫోటో తీసి ఏఎన్ఎంకు చూపించు.

ఆడవాళ్ల రక్తం సంగతి ఇంకా పెద్దది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. ఐరన్ మాత్రలు సర్కారు ఉచితంగానే ఇస్తుంది, అవి డబ్బాలోనే ఉండిపోతాయి. ఎందుకంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానేస్తారు. నల్లగా రావడం మామూలేనని ముందే చెబితే చాలామంది మానరు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది. మా ఇంటి పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుస్తకాలు తిరగేసినా అదే ఉంటుంది, ఖరీదైన పొడి డబ్బాలేవీ కొనిపించకండి.

మీరు వెళ్లే వైపు ఫ్లోరైడ్ నీళ్లు కూడా ఉన్నాయి. బోరు నీళ్లు కాచి తాగమని ఎవరికీ చెప్పకండి. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. తాగడానికీ వండడానికీ నల్లా నీళ్లే వాడుతున్నారా, నల్లా రాని రోజు ఏం చేస్తున్నారు అని అడిగి చూడండి.

కల్లు విషయంలో తొందరపడొద్దు. కొన్నిచోట్ల కల్లులో మత్తుమందు కలుపుతారు. దానికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పినట్టు ప్రవర్తించవచ్చు. "రేపటి నుంచి బంద్" అని ఒట్టు వేయించకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మాన్పించండి. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో నమ్మకస్తులకు చెప్పి పురుగుమందు డబ్బాలు అందకుండా తీయించండి, మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ కలిపివ్వండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ముసలివాళ్ల కొడుకులు, బిడ్డలు చాలామంది ఈ హైదరాబాద్‌లోనే హయత్‌నగర్, ఉప్పల్ వైపు ఉంటారు. వాళ్లు ఒప్పుకుంటే నంబర్లు తీసుకో. "మీ అమ్మ మాత్రలు అయిపోయినయి" అని నువ్వు ఇక్కడి నుంచి ఒక ఫోన్ చేస్తే పనవుతుంది. మీరు పట్నంలో ఉండటం వల్ల ఊరికి దొరికే మేలు ఇదే.

ఎవరి షుగర్ ఎంతో, ఎవరికి ఏ జబ్బో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పరీక్ష చేస్తూ ఫోటోలు దిగకండి. పెళ్లి కావాల్సిన పిల్లకు టీబీ అని నలుగురికీ తెలిస్తే ఆ ఇల్లు మందులకు రావడమే మానేస్తుంది.

ముందు ఒక వాడలో ముప్పై ఇళ్లు పట్టండి, నెలకు రెండుసార్లు, అవే ఇళ్లు. వర్షాకాలం దాటేదాకా అలా నడిస్తే అప్పుడు క్యాంపు మాట చూద్దాం, నాకు తెలిసిన డాక్టర్లను నేనే అడుగుతాను. ఈలోపు మీరు కొన్న మిషన్లు పట్టుకుని శుక్రవారం సాయంత్రం అందరూ ఇంటికి రండి. నా దగ్గర పాత పాదరసం మిషన్ ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఎక్కువున్నది షాపులో తిరిగి ఇచ్చేయండి, బిల్లు పారేయకండి.

మీ పెద్దమ్మ