ఉప్పు తింటున్నా సోడియం ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. పదేళ్లుగా బీపీ ఉంది. నాలుగు నెలల కిందట మాత్ర మార్చారు. పోయిన నెలలో రెండు రోజులు వాంతులై, ఆ తర్వాత పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. పక్షవాతమేమోనని ఆస్పత్రికి తీసుకెళ్తే సోడియం 118 ఉందన్నారు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి 133 వచ్చాక పంపారు. ఇంటికొచ్చాక పాత మందులే వాడుతోంది. మొన్న పరీక్ష చేయిస్తే మళ్లీ 128. ఉప్పు బాగా పెట్టమని బంధువులు, బీపీకి ఉప్పు వద్దని ఇంకొందరు. ఏం చేయాలి? అన్ని రోజులు అంత నెమ్మదిగా ఎందుకు ఎక్కించారు?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా అమ్మగారి బీపీ మాత్రల షీటు తీసి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్... వీటిలో ఏదైనా కనిపిస్తే నా అనుమానం మొదట దానిమీదే. ఇవి మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపే థయజైడ్ రకం మందులు. విడిగా రాయకపోయినా వేరే బీపీ మందుతో కలిపిన మాత్రల్లో ఉంటాయి. పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉంటే చాలావరకు అదే. మంచి మందులే, చవక కూడా. కానీ వయసు పైబడిన సన్నటి ఆడవాళ్లలో కొందరికి సోడియాన్ని దారుణంగా పడగొడతాయి. మీరు మాత్ర మార్చిన నాలుగు నెలలకే ఇది జరిగిందన్నారు కదా, అందుకే అడుగుతున్నాను. ఉన్నపళంగా అన్ని మందులూ ఆపేయకండి. ఇవాళే మీ డాక్టరుకు షీటు చూపించి, మరో రకం బీపీ మందుకు మార్చమని అడగండి.

ఇక ఉప్పు సంగతి. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలి. ఆ అంకె తగ్గిందంటే ఒంట్లో ఉప్పు అయిపోయిందనే అందరూ అనుకుంటారు. ఉప్పు సరిపోయిన చారులో రెండు గ్లాసుల నీళ్లు పోస్తే ఏమవుతుంది? చప్పబడుతుంది. గిన్నెలో ఉప్పు ఎంత ఉందో అంతే ఉంది, నీళ్లే ఎక్కువయ్యాయి. సోడియం తగ్గినవారిలో చాలామందికి జరిగేది ఇదే. వాంతులు, నొప్పి, కొన్ని మందులు, న్యుమోనియా లాంటి జబ్బులు మెదడు నుంచి ఒక హార్మోన్‌ను విడుదల చేయించి, కిడ్నీలు నీటిని వదలకుండా చేస్తాయి. పైగా నీరసంగా ఉందని మనం నీళ్లు, కొబ్బరి నీళ్లు తాగిస్తూనే ఉంటాం. కొబ్బరి నీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. సోడియం తగ్గినప్పుడు అది మందు కాదు.

అంత నెమ్మదిగా ఎందుకంటారా? సోడియం తగ్గితే నీరు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. పుర్రెలో జాగా ఉండదు కాబట్టి మెదడుకే ముందు దెబ్బ: తికమక, తూలు, మగత, ఫిట్స్. ఒకట్రెండు రోజుల్లో మెదడు కణాలు లోపలున్న లవణాలను వదిలేసి ఎలాగో సర్దుకుంటాయి. అలా సర్దుకున్నాక సోడియాన్ని గబగబా పెంచితే కణాలు ముడుచుకుపోయి నరాల పైపొర దెబ్బతింటుంది. కాళ్లుచేతులు పడిపోవచ్చు, మాట పోవచ్చు. అందుకే 24 గంటల్లో 8 పాయింట్లు దాటకుండా చూస్తాం, కొన్ని గంటలకోసారి రక్తం తీస్తాం. ఫిట్స్ వస్తుంటే మాత్రం 3 శాతం సెలైన్ కొద్దిగా ఎక్కించి మొదటి నాలుగైదు పాయింట్లు త్వరగా పెంచుతాం, అక్కడ ఆగుతాం. 118 నుంచి 133కి నాలుగు రోజులు పట్టిందంటే అక్కడి డాక్టర్లు జాగ్రత్తగా చేశారనే అర్థం.

మాత్ర మార్చాక మూడు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారి సోడియం చూడండి. థయజైడే కారణమైతే సాధారణంగా ఒకట్రెండు వారాల్లో కుదుటపడుతుంది. కుదుటపడకపోతే వెతకాల్సినవి వేరే ఉన్నాయి: థైరాయిడ్, కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూత్రంలో సోడియం, ఆస్మోలాలిటీ (ద్రవం ఎంత చిక్కగా ఉందో) పరీక్షలు. డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు, ఫిట్స్‌కు వాడే కార్బమాజెపిన్ కూడా ఇలా చేస్తాయి. కీళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు మింగి ఒక్కసారిగా మానేసినవాళ్లనూ ఇలాగే చూస్తుంటాం. అలాంటిది ఉంటే దాచకుండా చెప్పండి. షుగర్ 400 దాటినా సోడియం అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, అది వేరే లెక్క.

తిండిలో ఉప్పు మామూలుగానే వేయండి. పచ్చళ్లు పెంచితే బీపీ పెరుగుతుంది, సోడియం పెరుగుతుందన్న నమ్మకం లేదు. నీళ్లు ఎంత తాగాలో డాక్టరు చెప్పాలి. తగ్గించమంటే మజ్జిగ, టీ, చారు, జావ అన్నీ అందులోకే వస్తాయి. రాత్రిపూట పాలు, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకునే పెద్దవాళ్లకు మాంసకృత్తులు చాలక, నీటిని బయటికి నెట్టే శక్తి కిడ్నీలకు తగ్గుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు తప్పక పెట్టండి. మళ్లీ వాంతులు, విరేచనాలు అయితే ఉత్త నీళ్లు కాదు, ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలిపి ఇవ్వండి.

సోడియం 145 దాటడం దీనికి తలకిందులు. చారు మరిగి మరిగి ఉప్పగా అయినట్టు. మంచాన పడి, దాహం అడగలేని పెద్దవాళ్లలో, ముఖ్యంగా వేసవిలో ఎక్కువ. దానికి మందు నీళ్లే, అయితే అవీ నెమ్మదిగానే.

మగత పెరిగినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. థయజైడ్ అని తేలితే ఆ మందు పేరు డిశ్చార్జి ఫైలు అట్టమీద ఎర్ర సిరాతో ‘ఇవ్వకూడదు’ అని రాసి పెట్టండి. రేపు వేరే ఊళ్లో వేరే డాక్టరు బీపీ మందు రాసేటప్పుడు మొదట చూసేది అదే అవ్వాలి.