నర్సింగ్‌కు అప్లై చేసే ముందు ఆ పొట్లంలో ఏముందో తెలుసుకోండి

ప్రశ్న: నా వయసు 33. ఇంటర్ బైపీసీ పాసై 15 ఏళ్లయింది. పెళ్లి, ఇద్దరు పిల్లలతో చదువు ఆగిపోయింది. మూడేళ్లుగా ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. అక్కడి సిస్టర్లను చూసి నాకూ నర్సింగ్ చదవాలనిపించింది. ఈసారి జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా)కు అప్లై చేద్దామనుకుంటున్నాను. కానీ రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకం తీస్తే అరగంటకే కళ్లు మూతలు పడుతున్నాయి. చదివింది గుర్తుండటం లేదు. మెట్లెక్కితే ఆయాసం. నెలసరి ఎక్కువగా అవుతోంది, ఐరన్ టానిక్ తాగుతున్నాను. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులకు ఐదారు నెలలుగా మెడికల్ షాపులో పొట్లం కట్టించుకుని వేసుకుంటున్నాను. వేసుకున్న రోజు హుషారుగా ఉంటుంది, మానేస్తే ఒళ్లంతా లాగేస్తుంది. ఈ మధ్య అందరూ ఒళ్లు చేశావు, మొహం నిండుగా అయిందంటున్నారు. ఈ వయసులో నర్సింగ్ చదవగలనా? ఫిట్‌నెస్ పరీక్షలో తీసేస్తారా? జ్ఞాపకశక్తికి ఏ మాత్రలు వాడాలి?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ పొట్లం అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు అడిగిన మూడింటికీ జవాబు చెబుతాను. కానీ ముందు దీని గురించే మాట్లాడాలి. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి అసలు విషయం మొదటే చెప్పేస్తాను.

ఐదారు నెలలుగా పేరు తెలియని మాత్రలు వేసుకుంటున్నారు. వేసుకుంటే హుషారు, మానేస్తే ఒళ్లు నొప్పులు, మొహం గుండ్రంగా అవడం. ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే మాకు ముందు వచ్చే అనుమానం స్టెరాయిడ్ మాత్ర. మిమ్మల్ని చూడకుండా ఇది స్టెరాయిడే అని నేను అనలేను, అనకూడదు కూడా. థైరాయిడ్ తగ్గినా మొహం ఉబ్బుతుంది, నీరసంగా ఉంటుంది, నెలసరి ఎక్కువవుతుంది, మతిమరుపు కూడా వస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నా మొహం వాస్తుంది. నెలల తరబడి పెయిన్ కిల్లర్ వాడిన వారిలో కిడ్నీలనూ తప్పకుండా చూడాలి. ఇవన్నీ ఉత్తరం మీద తేలేవి కావు. దరఖాస్తు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఒకటి రెండు రోజుల్లోనే ఒక ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి.

షాపులో పొట్లం ఎలా కడతారో మీకు తెలిసే ఉంటుంది. స్ట్రిప్పుల నుంచి ఒక్కో మాత్ర కత్తిరించి, పేరున్న ముక్క పోయినా పట్టించుకోకుండా కాగితంలో చుట్టి పొద్దునొకటి, రాత్రొకటి అని ఇస్తారు. నా దగ్గరకు వచ్చేవారి పొట్లాలు విప్పితే చాలావరకు ఒకటే వరస. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్ర ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి, వాటితో పాటు ఒక చిన్న మాత్ర. ఆ చిన్నది డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్, ఏదైనా కావచ్చు. ఇవన్నీ షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి. స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. ఉబ్బసం ముదిరినప్పుడు, కొన్ని రకాల కీళ్లవాతంలో, తీవ్రమైన అలర్జీలో అది ప్రాణం నిలబెడుతుంది. కానీ ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి అన్నది లెక్క పెట్టి ఇవ్వాల్సిన మందు అది. మీకు ఆ లెక్క ఎవరూ పెట్టలేదు.

ఇది చదివి భయపడి రేపటి నుంచి పొట్లం పక్కన పడేస్తానని మాత్రం అనుకోవద్దు. ఈ ఒక్క ముక్క కోసమైనా ఉత్తరం మొత్తం చదవండి. మన కిడ్నీల మీద రెండు చిన్న ఎడ్రినల్ గ్రంథులు ఉంటాయి. శరీరానికి కావాల్సిన స్టెరాయిడ్‌ను, అంటే కార్టిసాల్‌ను, అవే తయారు చేస్తాయి. బయటి నుంచి రోజూ మాత్ర వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే వెంటనే మేలుకోలేవు. అప్పుడు వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, కొందరిలో ప్రాణం మీదికి రావడం. మొన్న చలికాలంలో ఒకామెను ఇలాగే మోసుకొచ్చారు. తిరునాళ్లకు వెళ్తూ పొట్లాలు ఇంట్లో మరిచిపోయిందట. మూడో రోజుకు వాంతులు మొదలైతే ఫుడ్ పాయిజన్ అనుకుని ఇంకో రోజు ఆగారు. మా దగ్గరకు వచ్చేసరికి బీపీ 80 దాటలేదు. ఆమె బతికింది. ఆ ఒక్క రోజు ఆలస్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి మీకు మీరుగా ఆపొద్దు, అలాగని నెలల తరబడి లాగొద్దు. ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌ను కలవండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. ఈలోపు జ్వరం, వాంతులు, విపరీతమైన నీరసం, తల తిరగడం ఏది వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, పొట్లం మాత్రలు వాడుతున్నానని మొదటి మాటగా చెప్పండి. డ్యూటీలో ఉన్న డాక్టర్‌కు అది తెలియడం చాలా ముఖ్యం.

వెళ్లేటప్పుడు మిగిలిన పొట్లం, టానిక్ సీసా రెండూ తీసుకెళ్లండి. షాపుకు వెళ్లి గొడవ పడకుండా, ఆ మాత్రల స్ట్రిప్ చూపించమని అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సూర్యాపేటలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకోవచ్చు. చాలా రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగా చేస్తారు. డాక్టర్ బీపీ, షుగర్ చూస్తారు. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా, చిన్న దెబ్బకే ఒంటి మీద నల్ల మచ్చలు పడుతున్నాయా, పొట్ట మీద ఎర్రటి చారలు వచ్చాయా అని అడుగుతారు. అవసరమనుకుంటే ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష రాస్తారు. ఆ రోజు మాత్ర వేసుకుని రావాలా, రక్తం ఇచ్చాక వేసుకోవాలా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పూర్తి రక్త పరీక్ష ఎలాగూ ఉంటాయి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే దాచకండి. స్టెరాయిడ్ వాడేవారిలో నిద్రాణంగా ఉన్న టీబీ పైకి తేలే ప్రమాదం ఉంది.

ఇక రక్తం సంగతి. మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం ముందు కునుకు, నెలసరి ఎక్కువ. ఇది రక్తహీనతలా కనిపిస్తోంది. మన దేశంలో ఇది ఎంత మామూలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత తేలింది, మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. అందరికీ ఉండేదే కదా అని ఆడవాళ్లు దాన్ని పట్టించుకోరు. మీ హిమోగ్లోబిన్ ఎంతో మీరు రాయలేదు. పరీక్ష చేయించుకోకుండానే టానిక్ మొదలుపెట్టి ఉంటారు. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. 8 కంటే తక్కువైతే తీవ్రమైనదిగా చూస్తాం. టానిక్‌తో రక్తం కొంత పెరగొచ్చు. కానీ కింద రంధ్రం ఉన్న బిందెలో నీళ్లు పోస్తే ఏం లాభం? రక్తం ఎక్కడ పోతోందో చూడాలి. గడ్డలుగా పడుతోందా, రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు, ఏడు రోజులు దాటుతోందా అన్నవి రాసుకుని గైనకాలజిస్టుకు చూపించండి. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భాశయంలో గడ్డలు, ఉన్నాయేమో స్కానింగ్‌లో తెలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, అది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. నొప్పి మాత్ర, స్టెరాయిడ్ కలిపి వాడితే కడుపులో పుండు పడి లోపల్లోపలే రక్తం కారవచ్చు. అలా కారితే మలం నల్లగా, తారులా జిగటగా వస్తుంది. ఐరన్ తాగేవారికి కూడా మలం నల్లబడుతుంది కాబట్టి, టానిక్ వల్లేలే అనుకుని వదిలేస్తారు. జిగట, దుర్వాసన, కడుపులో మంట ఉంటే అది టానిక్ వల్ల అనుకోవద్దు, ఆ రోజే చూపించుకోండి. డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీలకు కనీసం గంట దూరంలో వేసుకోండి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిందని వెంటనే మానేయకుండా ఇంకో మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వలు నిండుతాయి.

అమ్మా, ఒక్క మాట కటువుగా అనిపించినా చెబుతాను. మీరు మూడేళ్లుగా క్లినిక్‌లో పనిచేస్తున్నారు. మీ టేబుల్‌కు పది అడుగుల దూరంలో డాక్టర్ కూర్చుంటారు. అయినా ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆ గది తలుపు తట్టలేదు, వీధి చివర షాపుకు వెళ్లారు. పని ఒత్తిడి, మొహమాటం, ఫీజు, ఏదో కారణం ఉండే ఉంటుంది. నర్సింగ్‌లో మొదటి ఏడాదే నేర్పుతారు, సరైన రోగికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన దారిలో, సరైన సమయానికి ఇవ్వాలని. పేరు లేని మాత్ర రోగి చేతిలో పెట్టిన నర్సును ఏ వార్డులోనూ క్షమించరు. ఆ జాగ్రత్త మీ ఒంటి విషయంలో ఇప్పుడే మొదలుపెట్టండి. ఇంత రాసి చివర మళ్లీ జ్ఞాపకశక్తికి మాత్రలు అడిగారు. అలాంటి మాత్ర నేను రాయను. రక్తం, థైరాయిడ్, నిద్ర సరిచేస్తే గుర్తుండకపోవడం చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. రోజంతా డ్యూటీ, ఇంటి పని అయ్యాక రాత్రి పదకొండుకు పుస్తకం తీస్తే ఆరోగ్యవంతులకే నిద్ర వస్తుంది. కుదిరితే తొమ్మిదిన్నరకు పడుకుని, తెల్లవారుజామున గంట చదవండి.

వయసు గురించి అనవసరంగా భయపడుతున్నారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం జీఎన్ఎంకు 17 నుంచి 35 ఏళ్ల వరకు అర్హులే. ఇంటర్‌లో మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో విడిగా 40 శాతం ఉండాలి. మీ మెమోలో ఇంగ్లిష్ మార్కులు ఒకసారి చూసుకోండి. వయసును ఏ తేదీకి లెక్కిస్తారు, దరఖాస్తు ఎలా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్ చెబుతుంది, అందులో ఉన్నదే ప్రమాణం. చేరే కాలేజీకి గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. ఇంతకు మించి అడ్మిషన్ల గురించి నేను చెప్పడం సరికాదు.

ఫిట్‌నెస్ విషయానికొస్తే, రక్తహీనత ఉందనో, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారనో మామూలుగా ఎవరినీ పక్కన పెట్టరు. వైద్యం చేయించుకుంటూ అదుపులో ఉన్న జబ్బు వేరు, దాచిపెట్టింది వేరు. సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు వాడుతున్న మందులన్నీ చెప్పండి. తుది నిర్ణయం మిమ్మల్ని పరీక్షించే డాక్టర్‌ది.

మీరు అడగని విషయం ఒకటుంది, దానికి మాత్రం టైమ్ పడుతుంది. రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ బికి టీకా వేయించుకున్నారా? మీ వయసువారిలో చాలామందికి చిన్నప్పుడు పడలేదు. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీలు, అంటే టీకా వల్ల పుట్టే రక్షణ, 10 యూనిట్లు దాటాయో లేదో చూడాలి. అంటే ఇవాళ మొదలుపెట్టినా ఏడెనిమిది నెలలు. హెచ్ఐవీ రోగికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో మూడు. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి సోకే అవకాశం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వార్డులో అడుగు పెట్టాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇది ప్రాణం లేని టీకా, స్టెరాయిడ్ వాడుతున్నా వేయొచ్చు, కాకపోతే కొందరిలో సరిగ్గా పట్టకపోవచ్చు, అందుకే చివరి పరీక్ష మానొద్దు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు ఇచ్చే ఎంఎంఆర్, ఆటలమ్మ (చికెన్‌పాక్స్) రాకుండా ఇచ్చే టీకా అలా కాదు. అవి బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినవి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు, గర్భం ఉన్నప్పుడు వేయకూడదు. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. చూశారా, పొట్లంలో ఏముందో తెలియకపోతే మీకు టీకా రాయడానికి కూడా డాక్టర్ చేయి ఆడదు.

నడుం నొప్పిని కూడా తేల్చుకోవాలి. నర్సు పనిలో రోగిని పక్కకు తిప్పడం, వీల్‌చెయిర్ ఎక్కించడం, ఎనిమిది గంటలు నిలబడటం రోజూ ఉంటాయి. నొప్పి కాలి కిందికి పాకుతోందా, కాలు మొద్దుబారుతోందా అన్నది డాక్టర్‌కు చెప్పండి. మల మూత్ర విసర్జనపై పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేకపోతే ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు పొట్లం కంటే చాలా ఎక్కువ కాలం పనిచేస్తాయి. బరువు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచడం ఇంట్లో నీళ్ల బిందె దగ్గరే అలవాటు చేసుకోండి.

ఈ నెలలో పరీక్షలు, వైద్యం మొదలైతే నోటిఫికేషన్ నాటికి మీరు చాలావరకు తేరుకునే అవకాశం ఉంది. ఒకవేళ ఈసారి కుదరకపోయినా వచ్చే ఏడాదికి మీకు 34, ఇంకా గడువు ఉంటుంది. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. అందులో షాపతను చెప్పిన పేరు కాకుండా, స్ట్రిప్ మీద అచ్చయిన పేరు రాయండి.