నాలుగో పేజీలోని రెండు తీగలు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

గ్యాస్ ఒత్తిడి మరీ తగ్గినా మరీ పెరిగినా కంప్రెసర్‌ను ఆపే కారు ఏసీ ప్రెజర్ స్విచ్ మీద నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీల వ్యాసం అందింది. విజయవాడ ఆటోనగర్‌లో మూడేళ్ళుగా ఏసీ పని చేస్తున్నానని, వయసు ఇరవై నాలుగని నువ్వే రాశావు కనుక, ‘మీరు’ అనే మన్నన పక్కన పెట్టి మనవడితో మాట్లాడినట్టే రాస్తున్నాను. మొదటి మూడు పేజీలు నిమ్మళంగానే చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, లేచి వరండాలో నాలుగు అడుగులు వేసి వచ్చి మళ్ళీ చదివాను. ఆ వాక్యం ఇది: “కంప్రెసర్ క్లచ్ పట్టనప్పుడు ప్రెజర్ స్విచ్ కనెక్టర్ ఊడదీసి, రెండు తీగలనూ వైరు ముక్కతో కలిపి ఏసీ నడిపితే చల్లదనం వస్తుంది కానీ, గ్యాస్ లేనప్పుడు ఇలా చేయకూడదు.”

కంప్రెసర్‌ను ఇంజనుతో కలిపేది క్లచ్, ఆ క్లచ్‌కు కరెంటు ఆపేది ఈ స్విచ్; నువ్వు రాసినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అయితే దీన్ని చదివేవాడు పడకకుర్చీలో కూర్చుని చదవడు. రోహిణి కార్తె ఎండలో బానెట్ ఎత్తి, ఒక చేత్తో నీ కాగితమూ మరో చేత్తో వైరు ముక్కా పట్టుకుని చదువుతాడు. ‘కలిపి’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కలిపేస్తాడు, ‘నడిపితే’ దగ్గరికి వచ్చేసరికి నడిపేస్తాడు. నీ ‘చేయకూడదు’ అతనికి అందే వేళకు కంప్రెసర్ నూనె లేకుండా తిరుగుతూ ఉంటుంది. ఆ నూనె గ్యాస్‌తో పాటే ప్రయాణం చేస్తుందని, గ్యాస్ తగ్గితే నూనె తిరిగి రాక కంప్రెసర్ పట్టేస్తుందని, అందుకే ఆ స్విచ్‌ను అక్కడ పెట్టారని నీకు తెలుసు; ఆరో పేజీలో చక్కగా రాశావు కూడా. కానీ వైరు ముక్క పట్టుకున్నవాడు ఆరో పేజీ దాకా రాడు.

మన భాషలో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, దాన్ని కాదనే మాట అంతకన్నా చివర కూర్చుంటుంది. కథలు రాసేవాళ్ళకు అది కలిసివచ్చే గుణమేమో గాని, పనిముట్ల గురించి రాసేవాళ్ళకు మాత్రం గండమే. అందుకని పనిముట్ల మీద రాయడం మొదలుపెట్టిన కొత్తల్లోనే ఒక పట్టు పట్టాను, దాన్ని ఇప్పటికీ వదలలేదు: వద్దన్న సంగతి విడిగా ఒక వాక్యంలో, పనికంటే ముందు చెప్పాలి. “ఒత్తిడి కొలిచే గేజీ పెట్టి గ్యాస్ ఉందని తేల్చుకునేవరకు ఈ తీగల జోలికి పోవద్దు” అని ముందు రాసి, ఆ తరువాతనే తీగల సంగతి ఎత్తు.

ఈ పట్టు నాకు ఊరికే రాలేదు. 1984లో నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా ప్లాంటు ఆపరేటర్‌ను. రాత్రి డ్యూటీలో కంప్రెసర్ల హోరులో, లాగ్ బుక్ వెనక పేజీల మీద వ్యాసాలు రాసుకునేవాణ్ణి. ఒత్తిడి మితిమీరితే ప్లాంటును ఆపే స్విచ్‌ను మేము కటౌట్ అనేవాళ్ళం. దాని మీద ఒక మాసపత్రికకు రాసి పంపితే, అక్కడి చిత్రకారుడు ఇది ఏ హీరో కటౌట్ అని ఉత్తరం రాయించాడు. అది నవ్వుకుని వదిలేశాను. ఆ వ్యాసంలో నా చివరి వాక్యం “రీసెట్ చేసినా కటౌట్ నిలవకపోతే స్క్రూ తిప్పి సెట్టింగు పెంచడం వద్దు” అని. ‘వద్దు’ అన్న ఒక్క మాట కాలమ్ దాటి విడి వరుసలో పడిందట; కింద ప్రకటనకు చోటు చాలదని ఒక పుణ్యాత్ముడు దాన్ని తీసేశాడు. వాక్యం ‘పెంచడం’ అని వేలాడుతుంటే చూసి, మరో పుణ్యాత్ముడు దాన్ని ‘పెంచండి’ అని దిద్దాడు.

రెండు నెలల తరువాత మరో కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్ ఒకాయన ఆ పత్రికను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వేడెక్కిన గ్యాస్‌ను చల్లార్చే కండెన్సర్‌కు నీళ్ళు తోడే పంపు ఆగిపోయిన సంగతి చూసుకోక, నేను చెప్పానని స్క్రూ తిప్పాడట. సేఫ్టీ వాల్వు లేచి, అమ్మోనియా ఆవరణంతా కమ్మితే, హమాలీలు తడి తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదకు పరుగెత్తారట. ప్రాణాలకేమీ కాలేదు. ఆయన నన్ను తిట్టలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. పత్రిక విప్పి ఆ వరుస మీద వేలు పెట్టి చూపించాడు. ఆ పేజీ మీద మిరపకారం అంటిన ఎర్రటి వేలిముద్ర ఉంది. సంపాదకుడికి ఉత్తరం రాస్తే, స్థలాభావం వల్ల జరిగిందని ఒక కార్డు ముక్క వచ్చింది. సవరణ వేయడానికి కూడా స్థలాభావమే అడ్డు వచ్చినట్టుంది.

ఇక నీ వ్యాసంలో నాకు నచ్చని రెండో సంగతి, స్విచ్‌ను తొందరపడి దోషిని చేయడం. మీటరు పెట్టి చూస్తే కంటిన్యుటీ లేదు, అంటే స్విచ్‌లోంచి కరెంటు దాటడం లేదు కనుక స్విచ్ పోయింది, కొత్తది వేయాలి అన్నావు. చాలా కార్లలో ఆ స్విచ్ ఒత్తిడి సుమారు 2 బార్ (దాదాపు 29 పీఎస్‌ఐ) కంటే తగ్గినా, 30 బార్ దరిదాపులకు పెరిగినా కట్ అవుతుంది. కట్ అయిన స్విచ్ తన పని తాను చేసిందా, లేక నిజంగా చెడిందా అన్నది మీటరుకు తెలియదు, గేజీయే చెప్పాలి. ఇంజను ఆపి చల్లారనిచ్చిన కారులో, బయట 35 డిగ్రీలున్నప్పుడు ఆర్‌134ఏ గ్యాస్ 115 పీఎస్‌ఐ దరిదాపుల్లో నిలుస్తుంది. అంత ఒత్తిడి ఉండి కూడా స్విచ్ కలవకపోతే దాన్ని అనుమానించు. గేజీలో 15 మాత్రమే ఉంటే స్విచ్ నిజమే చెబుతోంది. సబ్బు నురగ తీసుకుని లీకు వెతుక్కో.

అయితే 115 చూపిస్తే గ్యాస్ నిండుగా ఉన్నట్టే అని ఏడో పేజీలో రాసినది తప్పు, కొట్టేశాను. లోపల ద్రవం కొద్దిగా మిగిలి ఉన్నంతకాలం నిలకడ ఒత్తిడి వేడిని బట్టి ఉంటుందే గాని, గ్యాస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉండదు. ఆ అంకె గ్యాస్ ఉందని మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. గేజీ చూశాక, క్షణం పాటు మాత్రమే తీగలు కలిపి చూడవచ్చు. క్లచ్ టక్కున పడితే లోపం స్విచ్‌దే, పడకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ కాయిల్ వరుసగా చూడాలి. ఇదంతా రెండు తీగల స్విచ్‌కే చెల్లుతుంది. కొత్త కార్లలో అదే చోట మూడు తీగలతో ఉండేది స్విచ్ కాదు, సెన్సార్. ఒక తీగలో 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్తు, మూడోది ఒత్తిడిని బట్టి మారే వోల్టేజీని కంప్యూటరుకు పంపేది. అక్కడ వైరు ముక్కతో ఆడకూడదని నీ పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఏసీ కట్ అయి, మంగళగిరి రోడ్డెక్కగానే మళ్ళీ చల్లబడిన కారు సంగతి రాశావు. కండెన్సర్ ఫ్యాన్ తిరగక ఒత్తిడి పెరుగుతున్నదని నువ్వు పట్టుకున్న తీరు బాగుంది. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద ‘పాత ఇత్తడి చెంబు అడుగున ఉన్నంత చిలుము’ ఉందన్న మాట చదివినప్పుడు మాత్రం, నీకు రాత వస్తుందని అనుకున్నాను. దాని మీద ఇంతకంటే చెప్పను.

మొదటి పేజీ మొత్తం తీసెయ్. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం గాలిలో తేమను అదుపుచేసే యంత్రం రూపొందించాడన్నది నిజమే. తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకపోవడం ప్రెస్సుల చుట్టూ తిరిగిన నాలాంటివాడికి భలే సంగతి. బానెట్ ఎత్తి నిలబడ్డవాడికి దానితో పని లేదు. సంపాదకులకు చరిత్రతో మొదలయ్యే వ్యాసాలంటే ప్రీతి, ఇప్పటివాళ్ళకు ‘ఏడు చిట్కాలు’ అంటే ప్రీతి, రెంటికీ లొంగకు. ఎవరైనా ప్రెజర్ స్విచ్‌ను ‘పీడన మీట’గా మారుస్తామంటే వ్యాసం వెనక్కి తీసుకో. ఆటోనగర్‌లో ఏ దుకాణంలోనైనా పీడన మీట ఇమ్మని అడిగి చూడమను.

స్విచ్ విప్పే చోట కూడా వరుస మార్చు. చాలా పైపుల్లో స్విచ్ కింద చిన్న వాల్వు ఉండి గ్యాస్‌ను ఆపుతుంది, కొన్నింటిలో ఉండదు. ఉన్నదో లేదో ముందు తేల్చుకోమని చెప్పాకనే స్పానర్ పేరెత్తు. మైనస్ 26 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం వేళ్ళ మీద చిమ్మితే చర్మం గడ్డకట్టుకుపోతుంది. కొత్త ఓ రింగుకు కంప్రెసర్ నూనె రాయాలన్నది అలాగే ఉంచు.

ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఎంత వస్తుంది, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు నాలుగో పేజీ మళ్ళీ రాసి పంపు. నీ ప్రతిని దీనితోనే తిప్పి పంపుతున్నాను. అంచుల్లో నా పెన్సిల్ రాతలు చెరిపేయకు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి

తా.క. ఆ చిలుము పట్టిన స్విచ్‌ను తుక్కులో పారేయకపోయి ఉంటే, హ్యాక్‌సాతో అడ్డంగా కోసి చూడు. లోపల పల్లెంలా ఒంపు తిరిగిన పలచటి రేకు బిళ్ళ ఉంటుంది. బొటనవేలితో నొక్కితే ఒక్కసారిగా అవతలి వైపుకు తిరుగుతుంది. ఆ చప్పుడు ఎలా ఉందో రెండు వాక్యాల్లో రాసి, కొత్త నాలుగో పేజీతో కలిపి పంపు.